తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్న ఆస్పిరిన్ ఇప్పుడు వద్దంట.. అసలీ గైడ్‌లైన్లు ఎవరు, ఎందుకు మారుస్తారు?

చీటీల_సంచి:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 72. తొమ్మిదేళ్ల కిందట ఒక డాక్టర్ గారు బీపీ మాత్రతో పాటు ఆస్పిరిన్ 75 కూడా రాసి, గుండెకి మంచిది, జీవితాంతం వేసుకోండి అన్నారు. ఆ రోజు నుంచి రాత్రి భోజనం అయ్యాక ఆ చిన్న మాత్ర తప్పిందే లేదు, ప్రయాణమైతే స్ట్రిప్‌లోంచి ఎన్ని రోజులకి అన్ని మాత్రల ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని మరీ వెళ్తారు. మొన్న ఆ డాక్టర్ గారు లేకపోతే వేరే ఆవిడకి చూపించాం. ఆవిడ మా కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఆస్పిరిన్ మీద పెన్నుతో రెండు అడ్డగీతలు గీసి, "ఇది ఆపేయండి, ఇప్పుడు గైడ్‌లైన్లు మారాయి" అన్నారు. నేను ఎందుకని అడిగేలోపే తర్వాతి పేషెంట్ లోపలికి వచ్చేశారు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నాన్నది ఒకటే మాట, "అయితే ఇన్నాళ్లూ వేసుకున్నది దండగేనా?" అని. ఏం చెప్పాలో తెలియట్లేదు. అప్పుడు రాసినాయన తప్పా, ఇప్పుడు కొట్టేసినావిడ తప్పా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రాత్రి_డ్యూటీ:
జనరల్ మెడిసిన్ పీజీని. ముందు ఇది చెప్పండి: నాన్నగారికి ఎప్పుడైనా గుండెపోటు గానీ, పక్షవాతం గానీ వచ్చిందా? స్టెంట్ వేశారా, బైపాస్ అయిందా?

ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్లకి కూడా చెప్తున్నా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మీ లెక్క వేరు. వాళ్లకి ఆస్పిరిన్ వల్ల లాభం ఉందని గట్టి ఆధారాలున్నాయి, అందులోనూ స్టెంట్ వేసిన కొత్తలో ఆపితే అది మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఇంటర్నెట్‌లో ఎవరో ఏదో అన్నారని ఆపకండి.

మందుల_కౌంటర్:
ఫార్మసిస్ట్‌ని. నాదీ ఒక ప్రశ్న. మోకాళ్ల నొప్పులకో నడుము నొప్పికో ఇంకేమైనా మాత్రలు వాడతారా ఆయన? చీటీలో లేనివి అడుగుతున్నా.

చీటీల_సంచి:
గుండెపోటు, స్టెంట్ ఏమీ లేవండి. బీపీ ఒక్కటే, అదీ కంట్రోల్‌లోనే ఉంది. షుగర్ లేదు.

అనుమానం_పక్షి:
పదేళ్లకోసారి మాట మార్చడం వీళ్లకి అలవాటేగా. నిన్న మంచిదన్నది ఇవాళ చెడ్డది, రేపు మళ్లీ మంచిదే అంటారు. ఎవడో ఒకడు యూనివర్సిటీలో కూర్చుని పేపరు రాస్తాడు, కమిటీ వాళ్లు దాన్ని గైడ్‌లైన్ చేస్తారు, మనం మింగుతాం. ఈలోపు లాభం మాత్రం కంపెనీలకి.

రాత్రి_డ్యూటీ:
@అనుమానం_పక్షి అన్నా, ఆస్పిరిన్ ఎప్పుడో పేటెంట్ పోయిన మందు. దాన్ని కొట్టేయడం వల్ల బాగుపడే కంపెనీ ఏదో నాకైతే తోచట్లేదు. సరే, అసలు విషయానికొస్తా, కాస్త పెద్దదవుతుంది.

ముందుజాగ్రత్తకి ఆస్పిరిన్ అనే ఆలోచనకి బలం ఇచ్చింది 1989లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం. అమెరికాలో హార్వర్డ్ వాళ్లు చేశారు. 22,071 మంది డాక్టర్లని తీసుకుని, సగం మందికి రోజు విడిచి రోజు ఆస్పిరిన్, సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అందరూ మగవాళ్లే, అందరూ డాక్టర్లే, చాలావరకు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో గుండెపోట్లు 44 శాతం తగ్గాయి. ఆ అంకె చూస్తే ఎవరికైనా రాయాలనిపిస్తుంది, రాశారు కూడా.

తర్వాత కాలం మారింది. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్లు వచ్చాయి, బీపీ బాగా కంట్రోల్ చేస్తున్నారు, చాలా దేశాల్లో సిగరెట్లు తగ్గాయి. అంటే ఆస్పిరిన్ ఆపాల్సిన గుండెపోట్లలో కొన్నిటిని మిగతావే ఆపేస్తున్నాయి. కానీ కడుపులో రక్తస్రావం రిస్కు మాత్రం ఎక్కడికీ పోలేదు, పైగా వయసుతో పెరుగుతుంది. ఈ లెక్క తేల్చడానికి మొనాష్ యూనివర్సిటీ వాళ్లు ఆస్ట్రేలియా, అమెరికాల్లో కలిపి 19,114 మంది పెద్దవాళ్లతో ఆస్ప్రీ అనే ట్రయల్ చేశారు. ఎక్కువమంది 70 దాటినవాళ్లే, అంతకుముందు గుండెజబ్బు లేనివాళ్లు. ఫలితాలు 2018లో వచ్చాయి. గుండెకి చెప్పుకోదగ్గ లాభం లేదు, రక్తస్రావాలు పెరిగాయి. 2019లో అమెరికన్ గుండె వైద్యుల సంఘాలు 70 దాటినవాళ్లకి ముందుజాగ్రత్తగా మామూలుగా ఇవ్వొద్దన్నాయి. 2022లో అక్కడ జబ్బులు రాకుండా ఏం చేయాలో సిఫారసు చేసే నిపుణుల బృందం, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్, 60 దాటాక కొత్తగా మొదలుపెట్టొద్దంది.

కాబట్టి తొమ్మిదేళ్ల కిందట రాసినాయన అప్పటికి తెలిసిందాన్ని బట్టి రాశారు. అప్పుడు నాన్నగారికి 63 కదా, ఆ వయసుకి అప్పట్లో చాలామంది రాసేవాళ్లు.

సగటు_మనిషి:
డాక్టర్ని కాను, స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆ 44 శాతం అనే అంకెని కాస్త విప్పి చూపించాలనిపించింది, ఎందుకంటే జనం మోసపోయేది అక్కడే.

అటు పదకొండు వేలు, ఇటు పదకొండు వేలు మంది. ఐదేళ్లలో ఉత్తుత్తి మాత్ర వైపు 239 గుండెపోట్లు, ఆస్పిరిన్ వైపు 139. నిష్పత్తి తీస్తే 44 శాతం దాకా తగ్గినట్టే, అబద్ధమేమీ లేదు. కానీ మనిషి లెక్కన చూడండి, పదకొండు వేల మంది ఐదేళ్లు మింగితే వందమంది తప్పించుకున్నారు. వందమందిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు. మిగతావాళ్లకి మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా ఫలితం అదే.

ఇప్పుడు ఆస్ప్రీ. ఏడాదికి వెయ్యిమందిలో గుండె, రక్తనాళాల జబ్బులు ఆస్పిరిన్ వైపు 10.7, అటువైపు 11.3. ఆ కాస్త తేడా కాకతాళీయంగానైనా రావచ్చు. పెద్ద రక్తస్రావాలు 8.6, 6.2. ఈ తేడాని మాత్రం కాకతాళీయం అనలేం.

ఒక మెలిక ఉంది, ఇది ఎవరూ చెప్పరు. ఆస్ప్రీ ప్రధానంగా అడిగిన ప్రశ్న "ఈ వయసులో మొదలుపెడితే ఏమవుతుంది" అని. "తొమ్మిదేళ్లుగా వేసుకుంటూ ఏ ఇబ్బందీ లేనివాళ్లు ఆపేస్తే ఏమవుతుంది" అన్నది వేరే ప్రశ్న. టాస్క్‌ఫోర్స్ సిఫారసు కూడా మొదలుపెట్టడం గురించే, ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లు 75 ప్రాంతంలో ఆపడం గురించి ఆలోచించవచ్చని విడిగా చెప్పారు, అదీ లెక్కల మోడల్ ఆధారంగా. అంటే మీ నాన్నగారి విషయంలో గైడ్‌లైన్ ఒక్కటే చూసి గీత కొట్టారంటే నాకు కొంచెం వెలితిగా ఉంది. ఆవిడకి ఇంకేదో కనిపించి ఉండాలి.

మందుల_కౌంటర్:
నా ప్రశ్న అలాగే ఉండిపోయింది.

అనుమానం_పక్షి:
సరే ఆస్పిరిన్ వదిలేయండి, కంపెనీల మాట వెనక్కి తీసుకుంటా. కానీ కమిటీల్లో ఎవరు కూర్చుంటారో అది చెప్పండి. ఆపరేషన్‌కి ముందు బీటా బ్లాకర్లు, అంటే గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మాత్రలు, ఇచ్చే కథ తెలుసా మీకు? రోటర్‌డామ్‌లో ఎరాస్మస్ మెడికల్ సెంటర్ ప్రొఫెసర్ ఒకాయన, ఆపరేషన్‌కి ముందు ఈ మాత్రలు మొదలుపెడితే గుండెకి రక్షణ అని వరసగా పరిశోధనలు వేశాడు. యూరప్ కార్డియాలజీ సంఘం 2009లో దీనిమీద గైడ్‌లైన్ రాయిస్తే ఆ కమిటీకి అధ్యక్షుడు ఎవరు? ఆయనే. తన పేపర్లకి తానే మార్కులేసుకున్నట్టు. 2011లో యూనివర్సిటీ ఆయన్ని పరిశోధనల్లో అక్రమాలు జరిగాయని తీసేసింది. గైడ్‌లైన్ మారేసరికి 2014 అయింది. మధ్యలో ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్ల సంగతి?

రాత్రి_డ్యూటీ:
ఇందులో నేను వాదించడానికేం లేదు. ఇంకా ఘోరం చెప్పనా, 2008లోనే మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు నడిపిన పాయిజ్ ట్రయల్ వచ్చింది, ఎనిమిది వేల పైచిలుకు మంది. గుండెపోట్లు తగ్గాయి గానీ పక్షవాతాలు, మరణాలు పెరిగాయి. అది కళ్లముందు ఉండగానే ఆ సిఫారసు నిలబడింది. తర్వాత లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు ఆ అనుమానాస్పద పరిశోధనల్ని పక్కనపెట్టి మిగిలినవన్నీ కలిపి లెక్కేస్తే, అలా మాత్రలు మొదలుపెట్టినవాళ్లలో నెలరోజుల్లో మరణాలు 27 శాతం ఎక్కువని తేలింది.

ఒకటి మాత్రం గమనించండి, దాన్ని పట్టుకున్నది కూడా ఇంకో యూనివర్సిటీయే. ఆలస్యమైంది, అది నిజం.

ఐసీయూ_సిస్టర్:
ఇన్నాళ్లూ చదవడమే, ఇవాళ రాయాలనిపించింది. ఇరవై ఏళ్లకి పైగా ఐసీయూలో నర్సుగా ఉన్నాను. మీరు పేపర్ల గురించి మాట్లాడుతున్నారు, ఆ పేపరు మంచం దగ్గరికి వచ్చాక ఎలా ఉంటుందో నేను చెప్తాను.

2001లో బెల్జియంలో లూవెన్ యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధన వచ్చింది. ఐసీయూలో ఉన్నవాళ్లకి ఇన్సులిన్ డ్రిప్ పెట్టి షుగర్‌ని 80 నుంచి 110 మధ్యలో బిగించి ఉంచితే చావులు 8 శాతం నుంచి 4.6కి తగ్గాయని. 1,500 మంది పైనే, కానీ ఒకే ఆసుపత్రి, ఎక్కువగా ఆపరేషన్ అయినవాళ్లు. ప్రపంచమంతా దాన్ని పట్టుకుంది. మా దగ్గరా కొత్త ప్రోటోకాల్ అని ఒక పేజీ లామినేట్ చేసి ప్రతి మంచం దగ్గరా తగిలించారు. గంటగంటకీ వేలు గుచ్చి చూడాలి, చార్టులో రాయాలి, డ్రిప్ స్పీడు మార్చాలి. రాత్రి డ్యూటీలో ఇద్దరు పేషెంట్లకి అది చేస్తుంటే ఇంకో పనికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. పేషెంట్ల వేళ్ల చివర్లు చూస్తే గుచ్చడానికి చోటు ఉండేది కాదండి, చెవి తమ్మెలకి కూడా వెళ్లేవాళ్లం.

ఒక రాత్రి ఒకాయనకి మూడింటికి చూస్తే 38. వెంటిలేటర్ మీద మత్తులో ఉన్న మనిషి, నాకు కళ్లు తిరుగుతున్నాయమ్మా అని చెప్పలేడు కదా. నుదుటిమీద చెమట చూసి అనుమానం వచ్చి, గంట కాకముందే గుచ్చాను. గంట దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకున్నాడు. మర్నాడు మీటింగులో నేను ఈ మాట ఎత్తితే, ప్రోటోకాల్ కరెక్టేనమ్మా, మనం ఇంకా దగ్గరగా చూసుకోవాలి అన్నారు.

2009లో నైస్ షుగర్ ట్రయల్ వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా ఆసుపత్రులు ప్రధానంగా, 42 ఆసుపత్రులు, ఆరు వేల మంది పైన. బిగించి ఉంచినవాళ్లలో 90 రోజుల్లో 27.5 శాతం చనిపోయారు, 180 లోపు ఉంటే చాలని వదిలేసినవాళ్లలో 24.9. షుగర్ 40కి పడిపోవడం అటు 6.8 శాతం మందికి, ఇటు 0.5. ఆ లామినేట్ కాగితాల్ని నేనే పీకాను. ఎవరూ సారీ చెప్పలేదు, చెప్పాలని కూడా కాదు. కానీ ఆ ఎనిమిదేళ్లూ మంచం దగ్గర ఉన్నవాళ్లకి ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది.

థీసిస్_బాధితుడు:
సిస్టర్ గారూ, దండం. ఇలాంటివి జర్నల్ పేపర్లలో ఉండవు.

నేను యూనివర్సిటీ లోపలి సంగతి చెప్తా. పీజీలో థీసిస్ రాయాలి, లేకపోతే డిగ్రీ లేదు. నాది అరవైమంది పేషెంట్లు. గైడ్ గారు ఇచ్చిన టాపిక్, సీనియర్ ఫార్మాట్, స్టాటిస్టిక్స్ ఎవరితోనో చేయించాం, బైండింగ్ మాత్రం చాలా శ్రద్ధగా చేయించాం, బంగారు రంగు అక్షరాలు. అది ఇప్పుడు లైబ్రరీ బీరువాలో నిద్రపోతోంది. యూనివర్సిటీ పరిశోధన అనగానే జనం ఊహించుకునేదానికీ, అందులో ఎక్కువ భాగానికీ ఇంత దూరం. గైడ్‌లైన్ దాకా వెళ్లేది ఎక్కడో నూటికో కోటికో.

ఇంకో సంగతి. గైడ్‌లైన్‌లో ఉన్నదంతా గట్టి ట్రయల్స్ మీద నిలబడిందనుకోకండి. 2019లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా గుండె వైద్య గైడ్‌లైన్లలోని 2,930 సిఫారసులు తిరగేస్తే, ఒకటి కంటే ఎక్కువ మంచి ట్రయల్స్ ఆధారం ఉన్నవి 8.5 శాతం. నలభై శాతం పైన నిపుణుల అభిప్రాయం లాంటి బలహీనమైన ఆధారమే. ప్రతి సిఫారసు పక్కనా దాని ఆధారం ఎంత గట్టిదో చెప్పే ఏ, బీ, సీ అని అక్షరం ఉంటుంది, అది చూడకుండా గైడ్‌లైన్ చెప్పింది అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

అనుమానం_పక్షి:
చూశారా, నేనన్నదే కదా. 8.5 శాతం!

సగటు_మనిషి:
అలా దూకేయకండి. ట్రయల్ లేనంత మాత్రాన అది తప్పయిపోదు. గుండె ఆగినవాడికి ఛాతీ నొక్కాలా వద్దా అని చీటీలు తీసి, సగం మందిని వదిలేసి ఎవరైనా చూస్తారా? కొన్నిటికి ట్రయల్ చేయలేం, కొన్నిటికి చేయక్కర్లేదు. చేయగలిగి కూడా చేయనివి ఉన్నాయే, వాటి గురించి కోపం తెచ్చుకోండి, నేనూ కలుస్తా.

అమ్మ_మాత్రల_డబ్బా:
మా అమ్మకి బీపీ, షుగర్, కీళ్లనొప్పులు, ఎముకలు గుల్లబారడం, పైగా ఊపిరితిత్తుల సమస్య. ఐదుగురు డాక్టర్లు, ఐదు చీటీలు. ఎవరి చీటీ వాళ్ల గైడ్‌లైన్ ప్రకారం పక్కాగా ఉంటుంది. అన్నీ కలిపితే డబ్బా మూత పడదు. దీనిమీద ఎవరూ పరిశోధన చేయలేదా?

రాత్రి_డ్యూటీ:
చేశారండి, మీ అమ్మగారిని చూసి రాసినట్టే ఉంటుంది. 2005లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 79 ఏళ్ల ఒక ఊహా పేషెంట్‌ని తీసుకున్నారు, సరిగ్గా మీరు చెప్పిన ఐదు జబ్బులతోనే. ఏ జబ్బు గైడ్‌లైన్ దానికి పాటిస్తే రోజుకి 12 రకాల మందులు, 19 డోసులు అయ్యాయి. ఒకదాని సలహా ఇంకోదానికి అడ్డం పడే సందర్భాలు కూడా తేలాయి. కారణం ఏంటంటే చాలా ట్రయల్స్‌లో ఇన్ని జబ్బులున్నవాళ్లని మొదట్లోనే తీసుకోరు, లెక్క చెడిపోతుందని. అలా బయట పెట్టినవాళ్లే మాకు ఓపీలో ఎదురుగా కూర్చునేది.

ఐదు చీటీలూ ఒకేసారి ఒక్క డాక్టర్ ముందు పెట్టి, "వీటిలో ఏవి తీసేయొచ్చు" అని అడగండి. "ఇంకేం రాస్తారు" అని కాదు.

థీసిస్_బాధితుడు:
పరిశోధన నుంచి వైద్యంలోకి రావడానికి సగటున 17 ఏళ్లు అని ఒక లెక్క తిరుగుతుంటుంది కదా, అది 2000లో ఒక వ్యాసంలో వచ్చింది. నెలలు నిండకుండా పుట్టే బిడ్డల ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారే, దాన్ని ఆక్లండ్‌లో లిగిన్స్, హౌవీ 1972లోనే చూపించారు. అమెరికాలో అందరికీ ఇవ్వండని గట్టిగా చెప్పింది 1994లో. ఇరవై రెండేళ్లు. ఈ మధ్యలో పోయిన పసిబిడ్డల్ని తల్చుకుంటే నిద్ర పట్టదు.

రాత్రి_డ్యూటీ:
అదే స్టెరాయిడ్ కుటుంబానికి చెందిన డెక్సామెథసోన్ సంగతి చూడండి. కోవిడ్‌లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల రికవరీ ట్రయల్ 2020 మార్చిలో మొదలైంది, జూన్ 16న ఫలితం చెప్పారు, బ్రిటన్‌లో అదే రోజు వాడకంలోకి వచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం లాభం కనబడలేదు. ఆ రెండో వాక్యం చదవకుండా కొద్దిపాటి జ్వరానికే మింగినవాళ్లని నేను చూశాను, షుగర్ నాలుగొందలు దాటి వచ్చారు.

చీటీల_సంచి:
రెండు రోజులు ఇటు రాలేకపోయా, సారీ. @మందుల_కౌంటర్ గారూ, మీ ప్రశ్నకి జవాబు దొరికింది, మీకు దండం పెట్టాలి.

నాన్నని అడిగితే ముందు ఏమీ లేవన్నారు. అమ్మ పక్కనుంచి "ఆ ఎర్ర స్ట్రిప్ చెప్పవేం" అంది. ఏడాదిగా మోకాళ్లకి నొప్పి మాత్ర, రోజుకి ఒకటి, ఒక్కోసారి రెండు. ఎవరో స్నేహితుడు చెప్పాడట. అవి చీటీలో లేవు కాబట్టి డాక్టర్‌కి చెప్పాలని తోచలేదంట.

తర్వాత ఆ కాగితాలు మళ్లీ తీశాను. ఆవిడ అటూ ఇటూ తిప్పింది రక్తపరీక్ష కాగితాలే. పోయినేడు హిమోగ్లోబిన్ 13.1, ఇప్పుడు 10.4. దాని చుట్టూ చిన్న సున్నా చుట్టి ఉంది, నేను చూడనేలేదు. కింద గొలుసు రాతలో ఇంకో పరీక్ష కూడా రాసి ఉంది, అది చదవడం రాక అలాగే వదిలేశాం.

మందుల_కౌంటర్:
అదే నా భయం. ఆస్పిరిన్, నొప్పి మాత్ర కలిస్తే కడుపులో పుండు పడి కొద్దికొద్దిగా రక్తం పోతుంటుంది, నొప్పి కూడా తెలియకపోవచ్చు. మలం నల్లగా వస్తోందేమో అడగండి. ఆ రాసిన పరీక్ష బహుశా మలంలో రక్తానికో, ఎండోస్కోపీకో అయి ఉంటుంది, ఫొటో తీసి పేరు చెరిపేసి పెట్టండి చదివి చెప్తా. నొప్పి మాత్ర ఇవాళే ఆపించి, ఈ రెండు సంగతులూ డాక్టర్ గారికి చెప్పండి. ఆయాసం, కళ్లు తిరగడం, నల్లటి మలం, వీటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెళ్లిపోండి.

సగటు_మనిషి:
ఇదన్నమాట ఆవిడ చూసింది. మనం ఇక్కడ 19 వేల మంది లెక్కలు తీస్తున్నాం, ఆవిడ ఒక్క సున్నా చుట్టి వదిలారు. అయితే ఆ ఒక్క ముక్కా నోటితో చెప్పి ఉంటే బాగుండేది.

అనుమానం_పక్షి:
ఈసారికి డాక్టరమ్మ గెలిచింది. ఆ 2014 సంగతి మాత్రం నేను వదల్ను.

చీటీల_సంచి:
ఫొటో పెట్టానండి. మలం నల్లగా ఉంటోందట, వారం నుంచి, టానిక్ వల్లేమో అనుకున్నారట. ఏ టానిక్ అంటే ఆర్నెల్ల కిందట అయిపోయిన ఐరన్ టానిక్. ఇప్పుడే బయల్దేరుతున్నాం. నాన్న చొక్కా జేబు తడిమితే ఆస్పిరిన్ ముక్క కత్తిరించి పెట్టుకునే ఉన్నారు, తీసేశాను. ఆ ఎర్ర స్ట్రిప్ మాత్రం డాక్టర్‌కి చూపించడానికి పట్టుకెళ్తున్నా.